పలుకుబడియు పరపతియు

(మన సంఘ వార్షికసభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు మమ్ము "భిన్నభాషలవారి నడుమ సుహృద్భావము" అను విషయమును గురించి మాటలాడుమని కోరినారు. విషయము పేరు మా స్థాయికి మించినది. మేము పండితులము కాము. మెట్రిక్ ప్యాసై, ఇరువదియేండ్లకు పైబడి బరంపురములో పప్పుధాన్యములు, పసుపు, ఎండుమిరప టోకున అమ్ముకొనుచున్న వర్తకులము. కావున కొట్టు అరుగుమీదనుండి కనుపించినంత మేరకే చెప్పగలము. వర్తకుల భాషలో నమ్మకమునకు పరపతి యని పేరు. ఫలానివాని పరపతి యెంత యని యెవరైన అడిగినచో, వానికి చీటి వ్రాయించుకొనకుండ ఎంత సరుకు ఈయవచ్చు ననియే అర్థము. ఈ పరపతి రూపాయలతో వచ్చునని చాలమంది యనుకొందురు. మా అనుభవములో అది మాటతో వచ్చును, మాటతోనే పోవును.

ముందుగా మన స్థితిని గూర్చి రెండు మాటలు. "మనము ఆంధ్రదేశమునుండి ఇక్కడకు ఎప్పుడు వచ్చితిమి?" అని మన పిల్లలు అడుగుచుందురు. ఈ పట్టణమునందలి అనేక కుటుంబముల విషయములో దీనికి సరియైన జవాబు, రాలేదనియే. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఇది మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లా. ఆనాడు ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా బరంపురము అందులో చేరెను. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి తాలూకాలు మద్రాసు వైపున నిలిచి విశాఖపట్టణము జిల్లాలో కలిసి, తరువాత 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడినప్పుడు అందు చేరెను. ఆ దినమున మన పెద్దలు ఎవ్వరును మూట గట్టలేదు, బండి యెక్కలేదు. సరిహద్దు గీత మాత్రము కదలినది. గీతకు అటువైపున ఇచ్ఛాపురము, మందస ప్రాంతములలో ఒడియా కుటుంబములును అట్లే తమ ఇండ్లలో తాము కూర్చుండియే అల్పసంఖ్యాకులైరి. 1894లో ఈ పట్టణములో తెలుగు కుటుంబమున పుట్టి, 1969 మొదలు 1974 వరకు భారత రాష్ట్రపతిగా నున్న వరాహగిరి వేంకటగిరిగారిని మనవాడని మనమును, తమ ఊరివాడని ఒడియా సోదరులును చెప్పుకొనుట కారణము లేనిది కాదు. ఆయన చదివిన ఖల్లికోట కళాశాలలోనే నేడును ఉభయభాషల పిల్లలును చదువుచున్నారు.

1931లో ఓడొనెల్ గారి అధ్యక్షతను సరిహద్దు విచారణ సంఘము వచ్చిన కాలమున ఉభయపక్షములవారును పోటీపడి మహజరులు సమర్పించిరి. ఆ వేడి ఆనాటి అవసరమునుబట్టి పుట్టినది. తాతగారి అప్పు మనుమడు తీర్చవలె గాని, తాతగారి కోపము మనుమడు మోయవలెనను చట్టము మా కెక్కడను కానరాలేదు.

ఇక మాటల సంగతి. పరస్పరము గౌరవముగా నుండవలె నని ఉపదేశించుట సులభము. గౌరవమును ఒక్కొక్క భాష ఒక్కొక్క చోట దాచిపెట్టినది. ఆ చోటు తెలియనివాడు ఎంత మంచివాడైనను అవతలివానిని నొప్పించును. మా కొట్టులో తూనికవద్ద పనిచేయు ఒడియా కుర్రవాడొకడు కలడు. ఆస్కా వైపు గ్రామమువాడు. నిజాయతీపరుడు, వినయము గలవాడు. ఒకనాడు మన పేటలోని రిటైర్డు ఉపాధ్యాయు లొకరు సరుకునకై రాగా, వాడు లోపలికి పరుగెత్తి వచ్చి, "మాస్టారు వచ్చింది" అని కేక వేసెను. మాస్టారుగారి ముఖము ముడుచుకొనిపోయెను. "ఏమయ్యా, మీ వాడు నన్ను గొడ్డుతో సమానము చేసినాడు" అనిరి. నిజమునకు వాడు చేసిన దేమి? ఒడియాలో క్రియకు స్త్రీపురుష భేదము లేదు. మగవాడు వచ్చినను, ఆడుది వచ్చినను, ఆవు వచ్చినను మాట ఒక్కటే. మన 'వచ్చాడు', 'వచ్చింది' అను భేదము వాని చెవికి పట్టదు. అయితే ఒడియాలో వేరొక భేదము కలదు. సామాన్యుడు వచ్చిన 'ఆసిలా' యనియు, గౌరవనీయుడు వచ్చిన 'ఆసిలే' యనియు అందురు. ఒక్క అక్షరపు తేడా. ఈ తేడా మన కుర్రవాండ్ర చెవికి పట్టదు. వైద్యుని ఇంటికి వెళ్ళి "డాక్టరుబాబు ఆసిలా కి?" అని అడిగి, ఆ ఇంటి యిల్లాలిచేత చీవాట్లు తిని వచ్చిన మన కుర్రవాడు, "తెలుగువారమని మనలను చులకన చేయుచున్నా"రని అరుగుమీద కూర్చుండి చెప్పుచుండగా మేము విన్నాము. మాస్టారుగారి కోపమునకును, ఆ యిల్లాలి కోపమునకును మూలము ఒక్కటే. ఇరువురును వ్యాకరణమును చూచి అహంకార మనుకొనిరి.

'తు', 'తుమే', 'ఆపణ' అను మూడు మెట్లు ఒడియాలో కలవు. మనకు 'నువ్వు', 'మీరు' అను రెండు మెట్లే కలవు. రెండుమెట్ల ఇంటినుండి మూడుమెట్ల ఇంటికి పోయినవాడు నడిమి మెట్టుమీద నిలబడుట సహజము. ఎవరితోనైనను 'తుమే' యనియే మాటలాడును. ఈడువారికి అది చెల్లును. పెద్దవారితో చెల్లదు. తెలియని పెద్దవారితో 'ఆపణ' యనుడు, జవాబు చెప్పునప్పుడు 'ఆజ్ఞా' యనుడు అని మేము మా గుమాస్తాలకు మొదటి దినముననే చెప్పుదుము. 'ఆజ్ఞా' యన్నంతమాత్రమున మనము వారి ఆజ్ఞకు లోబడినట్లు కాదు. అది మన 'అండీ' వంటిది.

మాటలు రెండు భాషలలోను ఒక్కటిగా నుండి అర్థములు వేరైనచోట చిక్కు మరింత కలుగును. ఈ సభ సంగతి ఒక ఒడియా మిత్రునికి చెప్పుచు, "ఆదివారము మా ఉపన్యాస మున్నది" అంటిమి. ఆయన, "మీరు నవల ఎప్పుడు వ్రాసినారు?" అని ఆశ్చర్యపడెను. ఒడియాలో ఉపన్యాస మనగా నవల. ఇది నవ్వుకొనుటకు బాగుండును. రాజమహేంద్రవరమునుండి మన పేటకు కోడలుగా వచ్చిన పిల్ల నొకతెను పొరుగింటి ఒడియా యిల్లాలు, రెండు దినములు పలుకరించలేదని, "మో ఉపరే రాగ కి?" అని అడిగినదట. ఆ పిల్ల తనను పాట పాడుమనుచున్నా రనుకొని, "మాకు సంగీతము రా"దని చెప్పి తలుపు వేసికొనెను. ఒడియాలో రాగ మనగా కోపము. "నాపై కోపమా?" యని ప్రేమతో అడిగినది ఆవిడ. తలుపు వేయించుకొని వెళ్ళినదియు ఆవిడయే. అభిమాన మను మాటయు నిట్టిదే. మనము అభిమాన మన్నచో ఇష్టము. వారు అభిమాన మన్నచో దగ్గరివారిపై అలుక. పెండ్లి శుభలేఖలలో "మా అభిమానము" అని వ్రాసి ఒడియా స్నేహితులకు పంపువారు ఈ సంగతి తెలిసికొందురు గాక.

ఇవి చిన్న విషయములని కొట్టివేయరాదు. ఇట్టి చిన్న మాటయే పరపతిని ఎట్లు తినివేయునో కన్నులార చూచిన సంగతి యొకటి మనవిచేసెదము. మాకు పరిచయమైన ఒక కొట్టులో జరిగినది. యజమానులు ఇరువు రన్నదమ్ములు. శ్రీకాకుళము వైపునుండి క్రొత్త గుమాస్తాను తెచ్చుకొనిరి. లెక్కలలో దిట్ట, ఒడియా మాత్రము మూడు నెలల చదువు. ఒక ఒడియా రైతు వానకాలములో అప్పుగా సరుకు తీసికొనిపోయి, పంట అమ్మినపిదప ఒకనాటి సాయంకాలము వచ్చి బాకీ చెల్లించెను. ఆ సమయమున చిన్న యజమాని యొక్కడే యున్నాడు. డబ్బు పెట్టెలో వేసి, ఖాతాలో వ్రాయుట మరునాటికి విడిచిపెట్టెను. మరునా డుదయము రైతు మరల సరుకునకు వచ్చెను. గుమాస్తా ఖాతా చూచి, పాత బాకీ యేదని అడిగెను. రైతు, "కాలి దేలి" అనెను.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగవలెను. ఒడియాలో 'కాలి' యను మాటకు నిన్న అనియు అర్థమే, రేపు అనియు అర్థమే. నిన్నయో రేపో క్రియనుబట్టి తెలిసికొనవలెను. 'కాలి దేలి' యన్నచో నిన్న ఇచ్చితిని. 'కాలి దేబి' యన్నచో రేపు ఇత్తును. మన గుమాస్తాకు 'కాలి' యనగా రేపు అని మాత్రమే యెవరో నేర్పిరి. అతడు, "అందరును రేపు రేపనియే అందురు, అప్పు తీర్చకుండ సరుకెట్లు?" అని బిగ్గరగా అనెను. రైతు, తాను డబ్బు ఇచ్చినది అబద్ధమనుచున్నారని గ్రహించెను. అంగడిలో నలుగురున్నారు. అతడు కేకలు వేయలేదు, వాదించలేదు. సంచి మడిచి చంకను బెట్టుకొని వెళ్ళిపోయెను. ఆ గ్రామమునుండి ఆ కొట్టునకు వచ్చెడి కుటుంబములు తరువాతి వారమునుండి రాలేదు. తండ్రికాలమునాటి ఖాతాలవి.

పెద్ద యజమానికి సంగతి తెలియుటకు పది దినములు పట్టెను. ఆయన చేసినది మాకు బాగుగ నచ్చినది. రైతును పిలిపించలేదు. గుమాస్తాను పని మానిపించలేదు. తమ్ముని, గుమాస్తాను వెంటబెట్టుకొని ఆ గ్రామమునకు పోయి, ఆ రైతు ఇంటి అరుగుమీద, ఊరివారు నలుగురు కూడిన తరువాత, ఒడియాలో, "నీవు ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే మాకు ముట్టినది, వ్రాయకపోవుట మా తప్పు" అని చెప్పెను. ఇంటిలోనికి పిలిచి చెవిలో చెప్పవచ్చును గదా యని తమ్ముడు దారిలో అనెనట. "బజారులో పోగొట్టిన దానిని బజారులోనే వెదకవలె" నని అన్నగారి జవాబు. ఆ ఖాతాలలో కొన్ని తిరిగి వచ్చినవి, కొన్ని రాలేదు. అన్నియు వచ్చినవని చెప్పిన మీకు సంతోషముగా నుండును గాని, అది నిజము కాదు.

పూర్వము మన వైపు వీశెలు, మణుగులు, వారి వైపు సేర్లు, మాణములు ఉండుటచే తూనికలవద్ద దినమునకొక తగవు జరిగెడిదని మా తాతగారు చెప్పెడివారు. 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూనికలు వాడుకలోనికి వచ్చుటతో కిలో అందరికిని ఒక్కటే యైనది. ప్రభుత్వమువారు తూనికకు ముద్ర వేయగలరు. మాటకు ముద్ర వేయు అధికారి ఇంకను పుట్టలేదు. అందుచే ఉభయభాషలును చదువ నేర్చిన మనిషి ఒక్కడైనను ప్రతి కొట్టులో నుండుట లాభసాటి యని మేము చెప్పుచున్నాము. దీనిని దేశసేవ యని మేము పిలువము. వ్యాపారపు ఖర్చు క్రింద వ్రాసికొనవచ్చును.

ఇంతవరకు మనకును ఒడియా సోదరులకును నడుమ సంగతి చెప్పితిమి. ఇక మూడవవారి మాట యొకటి కలదు. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. కంధమాల్ కొండలనుండి మన బజారునకు పసుపు వచ్చును. ఆ పసుపునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సరుకు పేరు దేశమంతట తెలిసినది. దానిని పండించి క్రిందికి దింపువారిలో కువి, కుయి మాటలాడు కంధులు అనేకులు కలరు. ఆ భాషలు మన తెలుగునకు దగ్గరి చుట్టములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. చుట్టరికము శాస్త్రములో నున్నది. బజారులో మన మేమి చేయుచున్నాము? డెబ్బదియేండ్ల వృద్ధుడు మూట దింపుచుండగా, ఇరువదియేండ్ల మన కుర్రవాడు "ఒరే, ఇటు పెట్టు" అనును. అడిగినచో అది వాడుక అందురు. ఒడియా అధికారి మనతో 'తు' అన్నచో సంఘములో తీర్మానము చేయుదుము. మనము 'ఒరే' యన్నచో అది వాడుక యట! లెక్క చెప్పునప్పుడు కూడ వారికి అర్థము కాని వేగముతో ఒడియాలో గడగడ చదివి, తల ఊపించుకొని డబ్బు చేతిలో పెట్టుట కొన్ని చోట్ల నేటికిని కలదు. తూనిక సరిగా నున్నను, లెక్క సరిగా నున్నను, అవతలివానికి అర్థము కాని లెక్క వానికి మోసము వంటిదే. తూచిన కిలోలను పలకమీద అంకెలలో వ్రాసి చూపుటకు అరనిమిషము పట్టును. ఆ అరనిమిషము ఇవ్వనివారు మన సంఘ సభ్యులలో కూడ ఉన్నారని మేము ఈ వేదికమీదనే చెప్పుచున్నాము.

ఈ సందర్భమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని స్మరింపకుండ నుండలేము. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషాదినముగా జరుపుకొని, పూలదండ వేసి, ఇంటికి పోవుచున్నాము. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను వారినుండియే నేర్చుకొనిరి. ఆ భాషకు అప్పటికి పుస్తకము లేదు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించవలెనని పాఠములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టిరి. సవర భాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు మనసు కష్టపెట్టుకొని ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము పోయిన తెలుగు అభిమాని కూడ ఆయనయే. తన భాషపై అంత పట్టుదల గల మనిషి, తనకంటె బలహీనుని భాష నేర్చుటకు అన్ని యేండ్లు వెచ్చించెను. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు నేడిక్కడ నున్నచో, మేము ఈ ప్రసంగము చేయుచున్న భాషను విని చెవులు మూసికొని యుండును. సభామర్యాదకు లోబడి ఇట్లు మాటలాడుచున్నాము, వారు క్షమింతురు గాక.

పరపతి మన పట్టణమున క్రొత్తగా పుట్టించవలసిన వస్తువు కాదు. రెండేండ్ల కొకసారి చైత్రమాసమున జరుగు బుఢీ ఠాకురాణీ యాత్రను చూడుడు. ఆ తల్లి పట్టణమంతటికి ఇలవేలుపు. ఆమె పుట్టిల్లు ఎవరిదనగా, తెలుగు మాటలాడు నేతకుటుంబముల పెద్దయైన దేశిబెహరాది. ఆ దంపతులు తల్లిదండ్రుల స్థానమున నుండి ఆమెను పుట్టింటికి ఆహ్వానింతురు. ఆమె పుట్టింట నున్నన్ని దినములు రాత్రులయందు ఘటములు వీథులవెంట ఊరేగును. మ్రొక్కుకొన్నవారు వేషములు ధరింతురు. పులివేషము వేసిన కుర్రవాడు ఏ భాషవాడో చెప్పుట తరము కాదు. ఒడియా పట్టణమునకు దేవతయైన తల్లిని తెలుగు నేతవారింటి ఆడపడుచుగా ఎంచుటలో ఉభయులకును చిన్నతనము తోచలేదు. బరంపురపు పట్టుచీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడును అది ఎవరిదని తగవు రాలేదు. అయితే యాత్ర రెండేండ్ల కొకసారి వచ్చును. బజారు ప్రతిదినమును తెరవవలెను.

ఆపత్కాలమును గూర్చి కూడ చెప్పవలెను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటెను. ఒడిశాలో ఇంచుమించు 10 లక్షలమందిని ముందుగనే సురక్షితస్థలములకు చేర్చిరి. 1999నాటి మహాతుపానులో సుమారు 10,000 మంది మరణించగా, ఈసారి ప్రాణనష్టము పదులలో ఆగెను. హెచ్చరిక ఇచ్చుటయే చాలదు. విన్నవాడు నమ్మి ఇల్లు విడిచి కదలవలెను. గంజాము తీరమునందలి మత్స్యకారులలో మన భాషవారు విశేషముగా నున్నారు. పడవను, వలను ఇసుకలో విడిచి రమ్మనుట బెస్తవానికి సామాన్యమైన మాట కాదు. అధికారి ఒడియాలో చెప్పినది అతనికి అర్థము కాదని కాదు. అర్థమగును. కాని తన కులపెద్ద తన భాషలో "పదరా, పోదాం" అన్నప్పుడు గాని కాలు కదలదు. అట్టి పెద్దలను ముందుగనే ఎరిగి పిలువగల అధికారి అదృష్టవంతుడు. తుపానునాడు పరిచయము చేసికొనుటకు తీరిక యుండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసవద్ద తీరము దాటినప్పుడు, గీతకు ఇటును అటును ఒకే గాలి, ఒకే చీకటి. మందస వైపున కొబ్బరితోటలు పడిపోయిన ఒడియా రైతులును, ఇక్కడ ఇంటికప్పులు ఎగిరిపోయిన మన తెలుగువారును ఒకే విధముగా ప్రక్క రాష్ట్రపు భాషలో దరఖాస్తులు వ్రాసికొనవలసివచ్చెను.

అల్పసంఖ్యాకత మన కొక్కరికే కలిగిన కష్టమని కొందరు యువకులు మాటలాడుచున్నారు. ఈ జిల్లానుండి సూరతునకు మగ్గముల పనికి పోయిన ఒడియా కార్మికులు వేలకు వేలు కలరు. 2020లో మహమ్మారి కాలమున వారు తిరిగి వచ్చినప్పుడు మనమందరము చూచితిమి. గుజరాతీ ఊరిలో ఒడియా మాటలాడుచు బ్రతుకుట ఎట్టిదో వారికి తెలియును. షోలాపురములోని మన పద్మశాలీలు మరాఠీ నడుమ ఎట్లున్నారో, వారును అక్కడ అట్లున్నారు. మన కష్టము చెప్పుకొనవలెనన్నచో సూరతులో కొడుకు గల ఒడియా తండ్రికంటె బాగుగా వినువాడు మనకు దొరకడు.

ఇప్పుడు మన ముందున్న పనికి వత్తుము. మన పేటలోని ప్రాథమిక పాఠశాలలో తెలుగు విభాగము సంగతి మీ రెరుగుదురు. ఉపాధ్యాయులు రిటైరైన పిమ్మట ఆ స్థానము ఖాళీగా నున్నది. పిల్లలు చాలరని ఒక కార్యాలయమువారు సెలవిచ్చినారు. నియమము ఏమనగా, 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానమును బట్టి, పాఠశాలలో 40 మందికి గాని, తరగతిలో 10 మందికి గాని తక్కువ కాకుండ పిల్లలున్నచో మాతృభాషలో ప్రాథమికవిద్య చెప్పు ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణ చేసి, 350ఎ అధికరణముచే మాతృభాషలో ప్రాథమికవిద్యకు తగిన వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధిగా జేసిరి. 350బి అధికరణముచే భాషాల్పసంఖ్యాకులకై ప్రత్యేకాధికారి ఏర్పడెను. కావున మనము అడుగునది భిక్ష కాదు. అయితే మన లెక్క 40కి ఆరుగురు తక్కువగా నున్నది. ఆ ఆరుగురు ఒడియా బడికి పోలేదు. మన సభ్యుల ఇండ్లనుండియే ఇంగ్లీషు బడులకు పోయినారు. ఈ మాట కార్యాలయమువారికంటె ముందు మనము చెప్పుకొనుట మంచిది.

యువకులు బజారు మూయించి ఊరేగింపు తీయవలె నని ప్రతిపాదించినారు. వారి ఉత్సాహమును మేము తక్కువ చేయము. కాని బజారు మూసినచో ఆస్కానుండి, ఛత్రపురమునుండి సరుకునకు వచ్చిన ఒడియా రైతు ఖాళీ సంచితో పోవును. మన బడికిని వాని సంచికిని సంబంధ మేమని అతడు అడుగును. దానికి మావద్ద సమాధానము లేదు. మా ప్రతిపాదన యిది. రాజ్యాంగమునందలి 350వ అధికరణము ప్రకారము, ఈ రాష్ట్రములో వాడుకయందున్న ఏ భాషలోనైనను విన్నపము సమర్పించు హక్కు మనకు గలదు. తెలుగులో వ్రాసెదము. దానికి మంచి ఒడియాలో ప్రతి యొకటి జతపరచెదము. నిరుడు ఒక కార్యాలయమున తెలుగు దరఖాస్తు మూడు నెలలు కట్టలో నుండి తిరిగి వచ్చినది. చదువగలవారు ఆ గదిలో లేకుండుటయే కారణమని తరువాత తెలిసినది. హక్కు మనదే, చదువవలసిన కన్నులు వారివి. ఒడియా ప్రతి క్రింద మన పేటలో నివసించు ఒడియా గృహస్థుల సంతకములు కూడ తీసికొందము. ఇదివరకే ముగ్గురిని అడిగితిమి. ఇద్దరు వెంటనే ఒప్పుకొనిరి. మూడవవారు, "ఇచ్ఛాపురములో మా మేనల్లుని బడికి మీవారు సంతకము చేయుదురా?" అని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. ఇచ్ఛాపురములోని మన బంధువులకు ఆ సంగతి వ్రాసియున్నాము. జవాబు రాగానే ఈ పత్రికలో ప్రకటించెదము.

విన్నపపు కాగితములు రెండు భాషలలోను మా కొట్టులో నున్నవి. సంతకములకు పోవువారు ఇరువు రిరువురుగా పోవుట మంచిది. అందులో ఒకరికి ఒడియా చక్కగా వచ్చియుండవలెను. 'ఆపణ' యనుట మరువరాదు. ఆ ఆరుగురు పిల్లల తల్లిదండ్రుల ఇండ్లకు మేమును కార్యదర్శిగారును వచ్చే ఆదివారము ఉదయము 8 గంటలకు బయలుదేరెదము. ఆడవారు మాతో వచ్చినచో పని త్వరగా నగును. ఏలయన బడి సంగతి నిర్ణయించునది తల్లులే. అయిదేండ్లు నిండిన పిల్ల లింట నున్నవారు జనన ధ్రువపత్రము నకలు తీసికొని శనివారములోగా పేరు వ్రాయించవలెను.